దండెం మీద నీలం

ఆదివారం పొద్దున మేడెక్కితే మా వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా దండేలే కనిపిస్తాయి. ఒకప్పుడు పంచెలూ చీరలూ రెపరెపలాడిన తీగల మీద ఇప్పుడు ఇంటికి రెండు మూడు జీన్సు ప్యాంట్లు బరువుగా వేలాడుతుంటాయి. ఒకటి నేరేడుపండు లాంటి ముదురు నీలం, ఒకటి ఆకాశం రంగు, ఒకటి ఏ రంగో చెప్పలేని బూడిద. అన్నీ మంచివైపు పైకి, ఎర్రటి ఎండకు ఎదురుగా. వాటిని చూస్తే నా చేతులు ఊరుకోవు. వెళ్ళి అన్నిటినీ తిరగేసి నీడకు మార్చి రావాలనిపిస్తుంది. పక్కింటావిడతో ఈ మాట ఒకసారి అన్నాను కూడా. "ఎండ తగిలితేనే కదండీ బట్టకు శుభ్రం" అంది. దుప్పట్లకూ పసిపిల్లల బట్టలకూ ఆవిడ మాట అక్షరాలా నిజం. జీన్సుకు కాదు. ఎందుకు కాదో చెబుతాను, కాస్త కూర్చోండి. టీ పొయ్యి మీదే ఉంది.

అసలు ఈ గొడవలోకి నన్ను లాగింది మా అక్క కొడుకు. పోయినేడు ఉద్యోగంలో చేరి మొదటి జీతంతో ఒక జీన్సు కొనుక్కున్నాడు. ముదురు నీలం, ఇంకా గంజి బిరుసు పోని దళసరి గుడ్డ. తొడుక్కుని వచ్చి చూపించినప్పుడు ఆ నీలం చూసి నేనే ముచ్చటపడ్డాను. నాలుగు నెలలు తిరక్కుండా అదే ప్యాంటుతో మళ్ళీ వచ్చాడు. మోకాళ్ళ మీద తెల్లటి మచ్చలు, తొడల మీద అడ్డదిడ్డంగా పాము గీతలు, జేబుల అంచులు పాలిపోయి ఉన్నాయి.

"మోసపోయాను పిన్నీ. కొన్నరోజే ఉప్పునీళ్ళలో రాత్రంతా నానబెట్టాను. వెనిగర్ కూడా పోశాను. ఆ తర్వాత వారానికి రెండుసార్లు బ్రష్షుతో శుభ్రంగా రుద్ది ఉతికిస్తూనే ఉన్నాను. అయినా రంగు నిలవలేదు" అన్నాడు.

పాపం, వాడు చేసినదంతా ప్రేమతోనే చేశాడు. అందుకే గుడ్డ మంచిదేరా, మోసం ఎవరూ చేయలేదు అని చెప్పడానికి కొంచెం తటపటాయించాను. మాటల్లో చెప్పడం కంటే చూపించడం మేలనిపించింది. వాడి ప్యాంటు పొడవు తగ్గించినప్పుడు కత్తిరించిన ముక్క ఇంట్లో ఉందంటే తెమ్మన్నాను. అందులోంచి ఒక నీలం పోగు లాగి, రెండు గోళ్ళ మధ్య పట్టుకుని పురి విప్పాను. మీ ఇంట్లో పాత జీన్సు ముక్క ఉంటే మీరూ చేసి చూడండి. పురి విచ్చుకున్న కొద్దీ లోపల తెల్లటి దూది బయటపడుతుంది. పైన మాత్రమే నీలం. వంకాయ ముక్కలు కోస్తే అంచున ఊదా, లోపల తెలుపు ఉండదూ, అచ్చం అలాగే.

ఇంకా ఒకటుంది. ఆ ముక్కలో పడుగు దారాలన్నీ నీలం, పేక దారాలన్నీ తెలుపు. పేక ఒకటి వచ్చి మూడు పడుగు పోగుల కిందనుంచి దూరి, ఒకదాని మీదుగా పోతుంది. అందుకే గుడ్డకు పైవైపు నీలం ఎక్కువ, లోపలివైపు తెలుపు ఎక్కువ. పక్కపక్క వరసల్లో ఆ దాటు ఒక్కో పోగు జరగడం వల్ల గుడ్డ మీద ఏటవాలు గీత పడుతుంది. నేత తెలిసిన ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. ఈ నిర్మాణంలోనే జీన్సు రంగు కథంతా ఉంది. తొడుక్కున్నవాడి పైకి నీలం పడుగే ఎదురుగా నిలుస్తుంది. తగిలే ప్రతి రాపిడీ దాని మీదే. ఆ పడుగు పోగుకు నీలం ఉన్నది పైపొరలోనే. పైపొర అరిగితే లోపలి తెలుపు తొంగిచూస్తుంది. అంతే.

మరి రంగు లోపలిదాకా ఎందుకు దిగదు? అది నీలిమందు స్వభావం. నీలిమందు నీళ్ళలో కరగదు. కరగని రంగును నూలుకు ఎలా ఎక్కించడం? మన పాత అద్దకాల వాళ్ళు తొట్టిలో సున్నం, బెల్లం వేసి రోజుల తరబడి పులియబెట్టేవాళ్ళు. అప్పుడు నీలిమందు తన నీలాన్ని వదిలేసి పసుప్పచ్చటి రూపంలో కరుగుతుంది. మిల్లుల్లో ఈ పనే హైడ్రోసల్ఫైట్, కాస్టిక్ సోడాలతో క్షణాల మీద అవుతుంది. ఒకసారి సహజ రంగులు వేసేవాళ్ళ దగ్గర నిలబడి ఈ వింత కళ్ళారా చూశాను. తొట్టి మీద రాగి మెరుపు తేలే నురగ. తెల్ల నూలు చిలప ముంచి కొంతసేపుంచి పైకి తీశారు. లేత అరిటాకు రంగులో వచ్చింది. ఇదేమిటి, నీలం అన్నారే అనుకునే లోపే గాలి తగిలి అంచుల నుంచి రంగు మారడం మొదలైంది. ఆకుపచ్చ, నెమలికంఠం, తర్వాత నీలం. నా కళ్ళ ముందే, నాలుగైదు నిమిషాల్లో. గాలిలోని ప్రాణవాయువు తగలగానే నీలిమందు మళ్ళీ కరగని రూపానికి వచ్చేసి నూలు పోగుల సందుల్లో ఇరుక్కుపోతుందన్న మాట. ముదురు రంగు రావాలంటే మళ్ళీ ముంచాలి, మళ్ళీ ఆరబెట్టాలి. జీన్సు పడుగును మిల్లుల్లో మోకుల్లా పేని ఇలాగే ఆరేడుసార్లూ అంతకంటే ఎక్కువసార్లూ ముంచి తీస్తారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. చాలా రంగులు నూలును గట్టిగా పట్టుకుంటాయి, కొన్నయితే నూలుతో విడదీయరాని బంధమే వేసుకుంటాయి. నీలిమందు అలా పట్టుకోదు. గోడకు వేసిన సున్నంలా పొరలు పొరలుగా కూర్చుంటుంది. గోడకు ఆనుకుంటే వీపుకు సున్నం అంటినట్టే కొత్త జీన్సుతో తెల్ల సోఫా మీద కూర్చుంటే సోఫాకు నీలం అంటుతుంది. తడిస్తే మరీను. వానలో బండి మీద ఇంటికొచ్చిన రోజు తొడలు నీలంగా కనిపించి భయపడ్డవాళ్ళు మీలోనూ ఉండే ఉంటారు. భయం లేదు, స్నానం చేస్తే పోతుంది.

మరి ఉప్పు? మనందరి ఇళ్ళలో అమ్మలు కొత్త చీరను ఉప్పునీళ్ళలో నానబెట్టడం చూస్తూ పెరిగాం. దాని వెనక కొంత ఆధారం ఉంది. కొన్ని రకాల రంగులు వేసేటప్పుడు అద్దకపు నీళ్ళలో ఉప్పు కలిపితే రంగు నీళ్ళలో ఉండిపోకుండా నూలు మీదికి ఎక్కుతుంది. అది రంగు వేసే వేళ చేసే పని. వేసిన నీలిమందును ఉప్పు పట్టి ఉంచదు. వెనిగర్ కూడా అంతే, పటిక కూడా అంతే. నీలిమందుకు అసలు రంగును పట్టి ఉంచే రంగుకట్టు అక్కర్లేదు, దాని బలం దానిదే, బలహీనత దానిదే. మావాడు రాత్రంతా ఉప్పులో నానబెట్టినందువల్ల పెద్ద నష్టమూ లేదు, లాభమూ లేదు. నష్టం జరిగింది తర్వాత, బ్రష్షు దగ్గర.

ఈ మాట నమ్మకం కుదరకపోతే ఇలా ఆలోచించండి. దుకాణంలో అరిగిపోయినట్టు, వెలిసిపోయినట్టు ఉండే జీన్సు కొంటాం కదా, ఆ వెలిసిన రంగు ఎలా తెప్పిస్తారు? మన రాయదుర్గంలోనూ సరిహద్దు దాటితే బళ్ళారిలోనూ జీన్సు కుట్టే ఇళ్ళు వీధులకు వీధులున్నాయి. బళ్ళారి జీన్సంటే మన తెలుగువాళ్ళు చాలామంది బతికే ఊరి జీన్సే. కుట్టిన ప్యాంట్లను వాషింగు యూనిట్లకు పంపుతారు. అక్కడ పెద్ద పెద్ద డ్రమ్ముల్లో ప్యాంట్లతో పాటు తేలికపాటి నురగరాళ్ళు వేసి గిరగిరా తిప్పడం ఒక పద్ధతి. రాయి గుడ్డకు రాచుకుని పైపొర నీలం రాలిపోతుంది. కొన్నిచోట్ల రాళ్ళకు బదులు నూలును కొద్దికొద్దిగా కొరికే ఎంజైములు వాడతారు. ఇంకా తెల్లబరచాలంటే బ్లీచింగు. అంటే జీన్సు రంగు తీసేయడానికి పరిశ్రమ కనిపెట్టిన మార్గాలు రాయి, రాపిడి, బ్లీచింగు. ఇప్పుడు మన ఇంటి బండ గుర్తుచేసుకోండి. బండ రాయే. దాని మీద బాదడం, ప్లాస్టిక్ బ్రష్షుతో రుద్దడం రాపిడే. మరకలు పోవాలని వేసే తెల్లబరిచే పొడి బ్లీచింగే. రంగు తీయడానికి ఫ్యాక్టరీలో ఏం చేస్తారో, రంగు నిలవాలనుకుంటూ మనం ఇంట్లో అదే చేస్తున్నాం.

ఇసుకను గాలి ఒత్తిడితో గుడ్డ మీదికి చిమ్మి రంగు తీసే పద్ధతి కూడా ఉండేది. ఆ సన్నటి ఇసుక ధూళి ఊపిరితిత్తుల్లో చేరి టర్కీలో ఎందరో పడుచు కుర్రాళ్ళు సిలికోసిస్‌తో చనిపోయారు. 2009లో ఆ దేశం దాన్ని నిషేధించింది. మోకాలు దగ్గర వెలిసినట్టు కనిపించాలన్న మన ముచ్చటకు ఎవరో ఊపిరి ధార పోశారన్నది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే నా మట్టుకు నేను ముదురు రంగు ప్యాంటే కొని, అది నా వాడకంతో మెల్లగా వెలిస్తే వెలియనీ అనుకుంటాను.

సరే, టీ వచ్చింది. ఇప్పుడు ఉతుకు సంగతికొద్దాం.

కొత్త ప్యాంటును మొదటిసారి ఒంటరిగా ఉతకాలి. పోగుల మీద అంటీ అంటకుండా ఉన్న నీలం ఎలాగూ పోతుంది. అది మీ అబ్బాయి బడి చొక్కాకు పట్టకుండా చూసుకుంటే చాలు. జిప్పు వేసి, గుండీ పెట్టి, జేబులు ఖాళీ చేసి, ప్యాంటును తిరగేయాలి. ఈ తిరగేయడం ఒక్కటి చేస్తే సగం పని అయిపోయినట్టే. రాపిడి తెల్లవైపు పడుతుంది, నీలం వైపు దాక్కుంటుంది. జిప్పు తెరిచి ఉంటే దాని పళ్ళు గుడ్డను గీరుతుంటాయి, అందుకే ముందు దాన్ని మూయడం.

బకెట్టులోనా, మెషీనులోనా అంటే ముదురు రంగు ప్యాంటుకు నా ఓటు బకెట్టుకే. వెడల్పాటి టబ్బయితే ఇంకా మంచిది. చన్నీళ్ళు పోసి సబ్బు కలిపి నురగ తేలాక ప్యాంటును మడతలు పడకుండా పొడుగ్గా పరిచినట్టు ముంచండి. కుక్కి కుక్కి నానబెడితే ఆ మడతల అంచులే రాచుకుని మావాడి ప్యాంటు మీద పడిన పాము గీతలు పడతాయి. తర్వాత ఆ గీతలు చావవు. అరగంట నానితే చాలు, రాత్రంతా వద్దు. చేత్తో అటూ ఇటూ నొక్కి, నడుము పట్టీ, జేబుల లోపలి గుడ్డ, కాళ్ళ అంచులు మాత్రం కాస్త పులిమి, రెండుసార్లు జాడించండి. మెలిపెట్టి పిండకండి. తీసి గోడ మీదో కొళాయి మీదో వేస్తే నీళ్ళు వాటంతటవే కారిపోతాయి. తడిసిన జీన్సు బరువు మీకు తెలిసిందే. దాన్ని ఇద్దరు పట్టుకుని మెలిపెట్టే దృశ్యం మన పెరళ్ళలో చూస్తుంటాం. అక్కడ తెగేది నీలం పైపొరే.

మెషీనే గతి అన్నవాళ్ళు చన్నీళ్ళు, మెత్తటి వాష్, తక్కువ స్పిన్ పెట్టుకోండి. నిండా కుక్కకండి. ముదురు రంగు బట్టలతోనే వేయండి. పొడి కంటే ద్రవ సబ్బు మేలు. చన్నీళ్ళలో పొడి పూర్తిగా కరక్క కుట్ల సందుల్లో తెల్లటి చారలుగా మిగిలిపోతుంది, అది చూసి రంగు పోయిందనుకుంటాం. "తెల్లటి తెలుపు" ఇస్తామనే పొడులు అసలే వద్దు. వాటిలో బట్ట మీద అంటిపెట్టుకుని కాంతితో తెలుపు మెరుపు పుట్టించే మందు కలుపుతారు. తెల్ల చొక్కాకు అది అందం, ముదురు నీలానికి మసక.

సబ్బు మాటెలాగూ వచ్చింది కాబట్టి నాకు నచ్చింది చెబుతాను. కుంకుడుకాయ. నవ్వకండి. పట్టుచీరలకు మన పెద్దవాళ్ళు వాడింది అదే కదా. ఒక ప్యాంటుకు పది పన్నెండు కాయలు చితక్కొట్టి గింజలు తీసి వేణ్ణీళ్ళలో గంటసేపు నానబెడతాను. పిసికి, వడగట్టి, పూర్తిగా చల్లారాక టబ్బులో పోస్తాను. నురగ సబ్బంత దండిగా రాదు, మురికి మాత్రం మెత్తగా లాగేస్తుంది. మొదటిసారి కుంకుడు రసంలో ముదురు నీలం ప్యాంటు నానేసినప్పుడు ఆ గోధుమ రంగు నీళ్ళు అంచుల దగ్గర నుంచి నెమ్మదిగా మబ్బు పట్టినట్టు నీలమయ్యాయి. నా గుండె గతుక్కుమంది. జాడించి ఆరేశాక చూస్తే ప్యాంటు రంగులో నా కంటికి తేడా ఆనలేదు. నీళ్ళలో కనిపించే నీలం చూసి హడలిపోకండి, చిటికెడు నీలిమందు బకెట్టు నీళ్ళను నీలం చేస్తుంది.

ఈ నీలం అన్న మాట దగ్గర ఒక చిన్న పిట్టకథ. బట్టలకు నీలం పెట్టడం అంటాం కదా, తెల్ల పంచెకు చివర్లో ఇచ్చే ఆ నీలం పొడి చాలామటుకు నీలిమందు కాదు. అది అల్ట్రామెరీన్ అనే వేరే వర్ణకం. నీలిమందు ఇచ్చిన పేరు మాత్రం దానికి అంటుకుపోయింది. మన కడప, నెల్లూరు వైపు ఒకప్పుడు నీలిమందు పంట బాగా పండేది. చెట్టును కోసి తొట్లలో నానబెట్టి, ఆ నీళ్ళను చిలికి, అడుగున దిగిన మడ్డిని ఆరబెట్టి ఇటుకల్లా కోసి ఓడలకెక్కించేవాళ్ళు. ఇండిగో అన్న మాటలోనే ఇండియా ఉంది చూడండి. బెంగాల్లో ఈ పంట కోసం దొరలు రైతులను పెట్టిన హింసకు 1859లో రైతులు తిరగబడ్డారు. 1917లో గాంధీగారిని చంపారన్‌కు లాక్కెళ్ళిందీ ఈ పంటే. అప్పటికే జర్మనీలో 1897 నుంచి ఫ్యాక్టరీ నీలిమందు అమ్మకానికొచ్చి చెట్టు నీలిమందు నడుం విరిగింది. ఇవాళ మనం తొడిగే జీన్సుల్లో దాదాపు అంతా ఆ ఫ్యాక్టరీ రంగే. స్వభావం మాత్రం చెట్టు రంగుదే; రెండూ ఒకటే పదార్థం.

మన నీళ్ళ సంగతి చెప్పకపోతే ఈ కబుర్లకు అర్థం ఉండదు. ఇక్కడ మా ఒంగోల్లో బోరు నీళ్ళ ఉప్పదనం తెలియనివాళ్ళు లేరు. కొళాయి మూతికి తెల్లటి పెచ్చు కట్టి, సబ్బు నురగ రాక, బకెట్టు అడుగున తెట్టు మిగులుతుంది. ఆ నీళ్ళలోని సున్నపు అంశమే సబ్బుతో కలిసి జీన్సు మీద పొరగా పేరుకుంటుంది. ప్యాంటు బూడిదగా, బిరుసుగా తయారవుతుంది. చాలామంది రంగు పోయిందని పారేసే ప్యాంట్లలో కొన్నిటికి పోయింది రంగు కాదు, పట్టింది తెట్టు. ఆఖరి జాడింపు మంచినీళ్ళలో చేయండి. అది దొరకనప్పుడు ఆఖరి బకెట్టులో రెండు చెంచాల తెల్ల వెనిగర్ వేసి జాడిస్తే ఆ తెట్టు కరిగి పోతుంది. ఇందాక వెనిగర్ రంగును పట్టి ఉంచదన్నాను. మాట మార్చడం లేదు. అది రంగును నిలపదు, రంగు మీద కూర్చున్న మసకను తీస్తుంది. వానాకాలంలో మేడ మీద టబ్బు పెట్టి పట్టుకున్న నీళ్ళకు మించింది లేదు.

ఆరేయడం నీడన, తిరగేసి. ఎండకు కూడా ఆ పైపొర నీలం వెలుస్తుంది, పక్కింటావిడతో నేను అన్న మాట అందుకే. జేబులు కూడా బయటికి లాగండి, లేకపోతే ప్యాంటంతా ఆరినా జేబుల్లో తడి మిగిలి ముక్కవాసన వస్తుంది. నడుము పట్టీ దగ్గర క్లిప్పులు పెట్టండి, తొడల దగ్గర పెడితే గుర్తు పడుతుంది. ముసురు రోజుల్లో ఫ్యాను కింద. ఇస్త్రీ కూడా తిరగేసే, కొంచెం తేమ ఉండగానే. మంచివైపు కాల్చిన పెట్టె పెడితే కుట్ల మీద తళతళమనే మెరుపు పడుతుంది, అది మళ్ళీ పోదు. సాగే గుణం ఉన్న జీన్సుల్లో రబ్బరు లాంటి దారం కలుస్తుంది. వేడి నీళ్ళు, వేడి ఇస్త్రీ ఆ సాగుడును చంపేస్తాయి. అలాంటి ప్యాంటు మోకాళ్ళ దగ్గర సంచిలా వేలాడుతోందంటే కారణం ఎక్కువసార్లు ఇదే.

మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. అక్కడ దండేలు అరుదు, అంతా డ్రయ్యరే. పోయినసారి వెళ్ళినప్పుడు డ్రయ్యర్ జాలీ లాగి చూపించింది. అరచేయంత దళసరి నీలి దూది, పిల్లి ఒంటి మీది బొచ్చంత మెత్తగా ఉంది. "దుమ్మక్కా" అంది. దుమ్ము కాదమ్మా, నీ ప్యాంటే అన్నాను. ప్రతి ఆరబెట్టుడుకూ పోగుల చివర్లు రాలి ఆ జాలీలో చేరుతున్నాయి. ఆ రోజు నుంచి జీన్సులు మాత్రం గదిలో హ్యాంగరుకు వేస్తోంది.

ఇక అందరూ అడిగేది: ఎన్నిసార్లు తొడిగాక ఉతకాలి? 2014లో లెవీస్ కంపెనీ అధిపతి చిప్ బెర్గ్ తన జీన్సుకు ఏడాదిగా వాషింగ్ మెషీను ముఖమే చూపించలేదని ఒక సభలో చెబితే లోకమంతా ముక్కు మూసుకుంది. తడిగుడ్డతో మరకలు తుడుచుకుంటాననీ, అవసరమైతే చేత్తో ఉతుక్కుంటాననీ ఆయన తర్వాత వివరించాడు. 2011లో వెల్లడించిన ఒక ప్రయోగం కోసం కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి 15 నెలలు ఒకే జీన్సు ఉతక్కుండా తొడిగాడు. పరీక్షించి చూస్తే, ఉతికి మళ్ళీ 13 రోజులు తొడిగాక ఉన్న సూక్ష్మజీవులకూ వీటికీ లెక్కలో పెద్ద తేడా కనిపించలేదు. ఈ కబుర్లు వినడానికి బాగుంటాయి. కానీ అది కెనడా చలి. మే నెలలో విజయవాడ బస్సులో గంట కూర్చుని దిగిన ప్యాంటుకు ఆ లెక్క కుదరదు. చెమట, ఉక్క కలిస్తే బట్టకు బూజు చుక్కలు పడతాయి, తొడల మధ్య ఒరుపు పుళ్ళు పడతాయి. రంగు కోసం ఒంటిని కష్టపెట్టుకోకూడదు. నా లెక్క చెబుతాను: చలికాలంలో ఐదారుసార్లు, ఎండాకాలంలో రెండు మూడుసార్లు. విప్పిన వెంటనే మడిచి బీరువాలో పెట్టకుండా రాత్రంతా గాలికి వేలాడదీస్తే సగం వాసన అదే పోతుంది. కూర మరక పడితే ఆ మరక వరకే తడిగుడ్డతో అద్దండి, రుద్దకండి. ఫ్రీజరులో పెడితే క్రిములు చస్తాయన్నది నమ్మకండి. చలికి అవి చాలావరకు చావవు, నిద్రపోతాయి. ఒంటి వెచ్చదనం తగలగానే లేస్తాయి.

నీళ్ళ లెక్క కూడా చూడండి. లెవీస్ వాళ్ళు 2015లో వేసిన లెక్క ప్రకారం ఒక జీన్సు జీవితకాలంలో 3,781 లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయి. అందులో పత్తి పండించడానికే 68 శాతం. మనం ఇంట్లో ఉతకడానికి 23 శాతం. పత్తి చేను మన చేతిలో లేదు. ఉతుకు మన చేతిలోనే ఉంది.

నల్ల జీన్సుల వాళ్ళకు ఒక్క ముక్క. ఆ నలుపు ఎక్కువగా గంధకపు రంగు. అదీ రాపిడికి వెలుస్తుంది, బ్లీచింగుకు అసలు తట్టుకోదు. పైన చెప్పినవన్నీ దానికీ చెల్లుతాయి. వెలిసినదానికి మళ్ళీ రంగు వేయిస్తే కొత్తదవుతుందా అంటే, అవుతుంది గానీ వేరే ప్యాంటవుతుంది. వేసిన రంగు తెల్ల పేకకు కూడా పట్టేసి ఆ ఏటవాలు గీత మాయమవుతుంది. కుట్టిన దారం పాలియెస్టరైతే రంగు పట్టక నారింజ రంగులో అలాగే మెరుస్తుంటుంది. మా అక్క కొడుకు ఆ పని చేయించుకున్నాడు. బాగానే ఉంది, కానీ మొదటి రోజు నేను చూసిన నీలం అది కాదు. వాడికీ తెలుసు. ఈ సంక్రాంతికి ఇంకొకటి కొన్నాడు. ఇప్పటికి ఆరుసార్లు ఉతికారు, తిరగేసి, టబ్బులో, నీడన. జేబు అంచుల దగ్గర కాస్త తెలుపు దిగింది, తొడల మీద కొన్ననాటి రంగే ఉంది.

మా ఇంట్లో బట్టలుతికే అమ్మకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆవిడ బ్రష్షు పక్కన పెట్టి, "ముందే చెబితే బాగుండేదమ్మా, ఈ ప్యాంట్లు రుద్దీ రుద్దీ నా మణికట్టు పడిపోతోంది" అంది. మీ ఇంట్లో ఎవరు ఉతికినా సరే, వాళ్ళకు ఈ ఆదివారమే ఆ ఒక్క మాట చెప్పండి: జీన్సుకు బ్రష్షు వద్దు.